సిల్వరాడో 5.3: పి069ఇ కోడు వస్తోంది, ఫ్యూయల్ సిస్టమ్ కంట్రోల్ మాడ్యూల్ మార్చాల్సిందేనా? ప్రోగ్రామింగ్ ఇంట్లో చేసుకోవచ్చా?

లాన్సింగ్_శీను:

బండి 2011 షెవర్లే సిల్వరాడో 1500, 5.3 లీటర్ల వీ8, 1,38,000 మైళ్లు. మిషిగన్ బండి కాబట్టి చలికాలమంతా రోడ్డు మీద చల్లిన ఉప్పులోనే తిరిగింది.

వాన పడ్డ మర్నాడు సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ ఇంజను అందుకోదు. కీ రెండు మూడుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఒకోసారి అందుకుంటుంది. హైవే మీద రెండుసార్లు పవర్ తగ్గి మళ్లీ మామూలైంది. 20 డాలర్ల కోడ్ రీడర్‌లో పి069ఇ ఒక్కటే కనపడుతోంది. ఎక్కడ వెతికినా "స్టెప్నీ పైనున్న మాడ్యూల్ మార్చెయ్" అనే ఉంది. అది కాక పంపు పోయి ఉండొచ్చా? మాడ్యూలే అయితే కొత్తది పెట్టగానే పనిచేస్తుందా, డీలరు దగ్గర ప్రోగ్రామ్ చేయించాలా? స్పానర్ పని వచ్చు, మల్టీమీటరు ఉంది.

రెంచ్‌రావు:

శీను గారూ, ముందు ఆ కోడు సంగతి. పి069ఇ అసలు జబ్బు పేరు కాదు. "నాకేదో తేడా వచ్చింది, చెక్ ఇంజన్ లైటు వెలిగించు" అని పంపును నడిపే ఫ్యూయల్ మాడ్యూల్ అడిగితే ఈసీఎం (ఇంజను కంప్యూటరు) లైటు వెలిగించి, ఆ మాట రాసుకుంది. అంతే. అసలు కోడు మాడ్యూల్ లోపల ఉంటుంది. మీ చిన్న రీడరు ఈసీఎంతో మాత్రమే మాట్లాడుతుంది కాబట్టి అది కనపడదు. జీఎం (షెవర్లే తయారుచేసే కంపెనీ) బళ్లలో ఒక్కో మాడ్యూల్‌ని విడివిడిగా చదివే స్కానర్ ఎక్కడైనా తెచ్చుకోండి. ఈ పనిలో ముందు పెట్టాల్సిన ఖర్చు అదే.

లోపల ఏ కోడు ఉందో దాన్ని బట్టి దారి మారిపోతుంది. పి018బి, పి018సి, పి018డి ఉంటే ముందు చూడాల్సింది ఫ్యూయల్ లైన్ మీదున్న ప్రెషర్ సెన్సార్, దాని మూడు వైర్లు. ఆ సెన్సారుకు 5 వోల్టులు ఇచ్చేది ఈ మాడ్యూలే. సెన్సారు పోయి మాడ్యూల్ మార్చినవాళ్లకు లెక్కే లేదు. పి023ఎఫ్ అయితే పంపు వైపు సర్క్యూట్ చూడాలి. పి025ఎ అయితే ఈసీఎం నుంచి వచ్చే, పంపు నడపమని చెప్పే ఎనేబుల్ వైరు. పి1255 అయితే మాడ్యూల్ లోపల పంపుకు కరెంటు ఇచ్చే డ్రైవరు సర్క్యూట్ వేడెక్కింది, అంటే పంపు ఎక్కువ కరెంటు లాగుతోందేమోనని అనుమానించాలి. ఈసీఎంలో యు0109 కూడా ఉంటే మాడ్యూల్ అసలు మాట్లాడటం లేదు. పవర్, గ్రౌండ్, డేటా వైర్లు, ఆఖరున మాడ్యూల్.

ఇది పనిచేసే తీరు తెలిస్తే టెస్టు దానంతటదే అర్థమవుతుంది. కీ ఆన్ చేయగానే ఈసీఎం ఎనేబుల్ వైరు మీద 12 వోల్టులు 2 సెకన్లు ఇస్తుంది. సెల్ఫ్ కొట్టినా, ఇంజను తిరుగుతున్నా అది అలాగే ఉంటుంది, లేకపోతే ఆగిపోతుంది. ఆ వోల్టేజీ ఉన్నంతసేపూ మాడ్యూల్ పంపుకు పల్సులుగా కరెంటు ఇస్తుంది, వేగం పెంచుతూ తగ్గిస్తూ ప్రెషర్‌ని 300 నుంచి 400 కిలోపాస్కల్స్ మధ్య, అంటే 43 నుంచి 58 పీఎస్ఐ మధ్య పట్టి ఉంచుతుంది.

ఇక చూడాల్సినవి. కీ ఆన్‌లో పెట్టి ఎవరినైనా ట్యాంకు దగ్గర చెవి పెట్టమనండి, 2 సెకన్లు పంపు మూలుగు వినపడాలి. ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే ఫ్యూయల్ రైలు మీదున్న వాల్వుకు గేజ్ తగిలించి, స్కానర్‌లో సెన్సారు చూపే ప్రెషర్‌తో పోల్చండి. రెండూ చాలా తేడాగా ఉంటే సెన్సారు. ఆ 2 సెకన్ల ప్రైమ్ అయ్యాక నిమిషంలో 5 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోతే లీకు ట్యాంకులోనో ఇంజెక్టర్లలోనో ఉంది, దానికీ మాడ్యూలుకూ సంబంధం లేదు.

తర్వాత స్టెప్నీ దించి మాడ్యూల్ కనెక్టరు ఊడదీసి, హార్నెస్ (వైర్ల కట్ట) వైపు బ్యాటరీ పవర్, గ్రౌండ్ రెండింటినీ ఒక 21 వాట్ల బ్రేక్ లైటు బల్బుతో లోడ్ పెట్టి చూడండి. మల్టీమీటరు ఒక్కటే పెట్టి 12.5 చూపించిందని సంతోషపడకండి. ఒక్క పోగు మీద వేలాడే తుప్పు వైరు కూడా లోడ్ లేకపోతే 12.5 చూపిస్తుంది. బల్బు వెలుగుతుండగా గ్రౌండ్ టెర్మినల్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.1 వోల్టు దాటితే గ్రౌండ్ బాగుచేయండి.

స్కోప్_లక్ష్మి:

రావు గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. మాడ్యూల్ కనెక్టరు తగిలించి ఉండగా పంపు వైర్లకు బయటినుంచి 12 వోల్టులు ఇవ్వకండి. వీడియోల్లో కొందరు చేస్తున్నారు. ఆ కరెంటు డ్రైవరులోకి వెనక్కి వెళ్తే బాగున్న మాడ్యూల్ కూడా పోతుంది. ఇంకో సంగతి, ఈ బళ్లలో పంపు గ్రౌండు చాసిస్‌కు పోదు, మాడ్యూల్ గుండానే తిరిగొస్తుంది. కాబట్టి పంపు పాజిటివ్‌కూ చాసిస్‌కూ మధ్య కొలిచి "కరెంటు రావట్లేదు" అనుకోవడం తప్పు. పంపుకు వెళ్లే రెండు వైర్ల మధ్యే కొలవాలి. అక్కడ కూడా మల్టీమీటరు చూపేది సగటు వోల్టేజీ. పల్సులు సుమారు 25 కిలోహెర్ట్జ్ మీద వస్తాయి, ఆసిలోస్కోప్ లేకపోతే వాటి ఆకారం తెలియదు. పరవాలేదు, ప్రైమ్ సమయంలో ఏదో కొంత వోల్టేజీ కనపడిందా లేదా అన్నది చాలు.

పంపును పరీక్షించాలంటే మాడ్యూల్ కనెక్టరు ఊడదీసి, హార్నెస్ వైపు పంపు టెర్మినళ్లు రెండింటికీ 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న జంపర్ వైర్లతో నేరుగా బ్యాటరీ కరెంటు ఇవ్వండి, డీసీ క్లాంప్ మీటరుతో ఎంత లాగుతుందో చూడండి. 5 నుంచి 9 ఆంపియర్లలో నిలకడగా ఉంటే పంపు బాగున్నట్టే. 12 దాటినా, సూది ఊగిసలాడినా పంపు అలసిపోయింది. మాడ్యూల్ పంపుకు గరిష్ఠంగా 15 ఆంపియర్లే ఇవ్వగలదు. 12, 13 లాగే పంపు మీద కొత్త మాడ్యూల్ పెడితే అది కూడా వేడెక్కి కొన్ని నెలల్లో పోతుంది. "రెండోసారి కూడా మాడ్యూలే పోయింది" అని వచ్చే బళ్ల వెనక చాలాసార్లు ఈ కథే ఉంటుంది.

ఎక్కువ లాగకుండా తక్కువ లాగినా మంచిది కాదు. 2, 3 ఆంపియర్లు మాత్రమే ఉండి ప్రెషర్ లేవకపోతే వైరులో ఎక్కడో నిరోధం ఉంది, లేదా ట్యాంకులో పెట్రోలు లేదు. నవ్వకండి, ఫ్యూయల్ లెవెల్ సెన్సారు కూడా ఆ వయసుదే.

లాన్సింగ్_శీను:

ఇద్దరికీ థాంక్స్. కొలిచాను. ఈసీఎంలో పి069ఇ, యు0109 రెండూ ఉన్నాయి. మాడ్యూల్‌తో స్కానర్ ఒకసారి కలుస్తోంది, ఒకసారి కలవట్లేదు. బ్యాటరీ పవర్ బల్బును పూర్తిగా వెలిగించింది. గ్రౌండ్ 0.06 వోల్టు. ఎనేబుల్ వైరు మీద 2 సెకన్లు 12 వోల్టులు వస్తున్నాయి. కనెక్టరు తగిలించి చూస్తే పంపు వైర్ల మధ్య ప్రైమ్‌లో ఏమీ రాలేదు. నేరుగా ఇస్తే పంపు 6.4 ఆంపియర్లు లాగింది, ప్రెషర్ వెంటనే లేచింది. మాడ్యూల్ వెనకవైపు అల్యూమినియం తెల్లటి పొడి కట్టి, ఒక మూల ఉబ్బి పగిలింది. కనెక్టరులో ఒక టెర్మినలుకు పచ్చగా చిలుము.

రెంచ్‌రావు:

ఓబీడీ పోర్టులో (స్కానర్ తగిలించే సాకెట్) 6, 14 డేటా పిన్నుల మధ్య బ్యాటరీ తీసేసి ఓమ్స్ కూడా చూడండి, 60 దగ్గర ఉండాలి. ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు, మాడ్యూలే.

ఉబ్బడానికి కారణం ఇది. అల్యూమినియం కేసు చాసిస్‌కు అడ్డంగా ఉండే స్టీలు క్రాస్‌మెంబరుకు దగ్గరగా, మధ్యలో ఉప్పునీళ్ల బురద. ఆ రెండు లోహాలూ ఉప్పునీళ్లూ కలిస్తే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. పుట్టిన తెల్లపొడి లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కేసును లోపలికి నెట్టి పగలగొడుతుంది. ఆ పగులులోంచి నీళ్లు బోర్డు మీదికి వెళ్తాయి. అందుకే వాన పడ్డాకే మొరాయిస్తోంది. ఎండకు ఆరితే మళ్లీ పనిచేస్తుంది, మనకేమో "దానంతటదే సర్దుకుంది" అనిపిస్తుంది.

మార్చే పని పెద్దదేం కాదు. ఫ్యూయల్ లైను ఏదీ విప్పం కాబట్టి ప్రెషర్ తీయాల్సిన పని లేదు.

ముందురోజు సాయంత్రమే బోల్టుల మీద పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి పెట్టండి. పొద్దున బ్యాటరీ నెగటివ్ తీయండి. బంపర్ రంధ్రంలోంచి క్రాంక్ రాడ్ పెట్టి స్టెప్నీ పూర్తిగా నేల మీదికి దించి పక్కకు లాగేయండి. కనెక్టరు ఊడదీసేముందు దాని చుట్టూ ఉన్న బురదను నైలాన్ బ్రష్షుతో, కంప్రెస్సర్ గాలితో తీసేయండి. ఈ ఒక్క మెట్టు దాటేసినవాళ్లకు ఇసుక నేరుగా టెర్మినళ్లలోకి రాలుతుంది. తర్వాత లాకు ముందు వెనక్కి లాగి, ఆ తర్వాతే కనెక్టరు. ప్లాస్టిక్ గట్టిపడి ఉంటుంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లాకు విరుగుతుంది.

బోల్టులకు ఇంపాక్ట్ గన్ వద్దు. ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిలిస్తూ విప్పండి. బోల్టు విరిగితే డ్రిల్ చేసి కొత్త బోల్టు, నైలాక్ నట్టు వేయొచ్చు, కానీ అది అరపూట పని.

ఇప్పుడు చిలుము పట్టిన టెర్మినల్ సంగతి. కొత్త మాడ్యూల్ పెట్టి పాత కనెక్టరు అలాగే తగిలిస్తే డబ్బు దండగ. ఆ వైరు ఇన్సులేషన్‌ని ఒక అంగుళం వెనక్కి తీసి చూడండి. రాగి మెరుస్తుంటే టెర్మినల్ ఒక్కటే మార్చండి. నల్లబడి ఉంటే నీళ్లు వైరు లోపల పాకాయి, మెరిసే రాగి కనపడేదాకా కత్తిరిస్తూ పోవాలి. అప్పుడు వైర్లతో కలిపి అమ్మే కొత్త కనెక్టరు కొని, లోపల జిగురున్న హీట్ ష్రింక్ క్రింపులతో కలపండి. అతుకులన్నీ ఒకేచోట కాకుండా ఒక్కో వైరుకు ఒకటిన్నర అంగుళం దూరంలో వేయండి, లేదంటే హార్నెస్ ముద్దలా తయారవుతుంది. పంపు వైర్ల చుట్టూ షీల్డు ఉంటే దాని డ్రెయిన్ వైరును కూడా కలపడం మరవకండి. ఆ పల్సుల రొద పక్క వైర్లలోకి రాకుండా ఆపేది అదే.

డైఎలెక్ట్రిక్ గ్రీజు సీలు అంచుకు పలచగా పూయండి. టెర్మినళ్లలో కుక్కకండి.

పాస్‌త్రూ_పవన్:

ప్రోగ్రామింగ్ నేను చెప్తాను. కొత్త జీఎం మాడ్యూల్ డబ్బాలోంచి ఖాళీగా వస్తుంది. మీ బండి ఇంజను, ట్యాంకుకు సరిపడే క్యాలిబ్రేషన్ (సెట్టింగుల ఫైలు) దానిలో ఎక్కించాలి. ఎక్కించకుండా పెడితే బండి స్టార్ట్ కాకపోవచ్చు, అయినా "ప్రోగ్రామ్ చేయలేదు" అనే అర్థం వచ్చే పి0602 తో లైటు వెలుగుతూనే ఉంటుంది.

ఇంట్లో చేసుకోవచ్చు. కావలసినవి: విండోస్ ల్యాప్‌టాప్, జె2534 పాస్-త్రూ పరికరం (ల్యాప్‌టాప్‌ని బండి ఓబీడీ పోర్టుకు కలిపేది), ఏసీడెల్కో టీడీఎస్ సైటులో ఎస్పీఎస్ (జీఎం ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) చందా. చందా విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) లెక్కన ఉంటుంది, ఒక బండికి సుమారు 45 డాలర్లు. మరీ చవక నకిలీ పాస్-త్రూలు మధ్యలో లింకు తెంచుతాయి. స్నేహితుల దగ్గర మంచిది ఉంటే అడిగి తెచ్చుకోండి, ఒక్క బండి కోసం కొనకండి.

అన్నిటికంటే ముఖ్యం బ్యాటరీ. ప్రోగ్రామింగ్ అంతసేపూ వోల్టేజీ 12కి తగ్గకూడదు, 15 దాటకూడదు. మామూలు చార్జరు పెట్టకండి, దాని కరెంటులో అలలు ఉంటాయి. ప్రోగ్రామింగ్‌కు పనికొచ్చే బ్యాటరీ సపోర్టు యూనిట్, లేకపోతే కేబుళ్లతో ఇంకో మంచి బ్యాటరీ కలపండి. పక్క బండి ఇంజను ఆపి ఉంచాలి.

హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు, రేడియో అన్నీ ఆఫ్. డీఆర్ఎల్ (పగలు వెలిగే) లైట్లు వెలుగుతుంటే పార్కింగ్ బ్రేక్ నొక్కి చూడండి. ల్యాప్‌టాప్‌కి చార్జరు పెట్టి, స్లీప్ మోడ్ ఆపి, ఇంటర్నెట్‌కు వీలైతే వైరు వాడండి. కీ ఆన్, ఇంజను ఆఫ్. టెక్‌లైన్ కనెక్ట్‌లో ఎస్పీఎస్ తెరిచి విన్ సరిచూసుకుని, మాడ్యూళ్ల జాబితాలో ఫ్యూయల్ పంపు కంట్రోల్ మాడ్యూల్ (మన మాడ్యూలుకే ఇంకో పేరు) ఎంచుకోండి. ఇక్కడ రెండు దారులు ఉంటాయి, ఒకటి ఉన్న మాడ్యూల్‌నే అప్‌డేట్ చేసేది, రెండోది మార్చి ప్రోగ్రామ్ చేసేది. మీది రెండోది. పట్టీ నిండేదాకా కీ, తలుపు, బ్రేకు ఏదీ ముట్టుకోవద్దు. అయ్యాక స్క్రీను చెప్పిన ప్రకారం కీ ఆఫ్ చేసి ఒకట్రెండు నిమిషాలు వదిలేసి, ఆన్ చేసి అన్ని మాడ్యూళ్లలో కోడులు తుడవండి.

మధ్యలో ఆగిపోతే కంగారుపడి మాడ్యూల్ పోయిందనుకోకండి. కీ ఆఫ్ చేసి, బ్యాటరీ చూసుకుని మళ్లీ మొదటినుంచి చేయండి, చాలాసార్లు ఎక్కుతుంది. ఈ మాడ్యూల్‌కు తాళం సెక్యూరిటీతో పని లేదు కాబట్టి కీలు మళ్లీ నేర్పించడం, క్రాంక్ రీలెర్న్ లాంటివి అక్కర్లేదు.

లాన్సింగ్_శీను:

పవన్ గారూ, పాత బళ్ల యార్డులో ఇదే మాడ్యూల్ 40 డాలర్లకు దొరుకుతోంది. అది పెడితే ప్రోగ్రామింగ్ తప్పుతుందా?

పాస్‌త్రూ_పవన్:

స్టిక్కరు మీది పార్ట్ నంబరు, సంవత్సరం, ఇంజను, క్యాబ్, ట్యాంకు సైజు అన్నీ సరిపోతే తప్పొచ్చు. ఇంజను వేరైతే వద్దు, 4.8 బండి నుంచి తెచ్చి 5.3కి పెట్టి "పనిచేస్తోందిగా" అనకండి. కానీ మిషిగన్ యార్డులో ఉన్న మాడ్యూల్ కూడా మీ బండి తాగిన ఉప్పునీళ్లే తాగింది. వెనకవైపు తెల్లపొడి లేనిదైతేనే చూడండి. టెక్సస్, ఆరిజోనా లాంటి పొడి ఊళ్ల యార్డు నుంచి పోస్టులో తెప్పించుకుంటే ఇంకా మేలు. మీ విన్‌కు ముందే ప్రోగ్రామ్ చేసి పంపే అమ్మకందార్లు కూడా ఉన్నారు. నా ఓటు వాళ్లకు, పాస్-త్రూ లేనివాళ్లకు లెక్క అక్కడే కుదురుతుంది. కొనేముందు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైటులో మీ విన్ కొట్టి రీకాల్ ఏమైనా పెండింగ్ ఉందేమో చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఎఫ్150_సుబ్బు:

ఇదే చోట ఇదే జబ్బు 2004 నుంచి 2008 దాకా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150లకూ ఉంది కాబట్టి ఆ బళ్లవాళ్ల కోసం నాలుగు ముక్కలు. వాటిలో పేరు ఫ్యూయల్ పంపు డ్రైవర్ మాడ్యూల్, చోటు స్టెప్నీ పైన క్రాస్‌మెంబరే. కోడు ఎక్కువగా పి1233. ప్రోగ్రామింగ్ లేదు, తగిలిస్తే పనిచేస్తుంది.

దాని టెస్టు కూడా వేరు. పీసీఎం (ఫోర్డ్ ఇంజను కంప్యూటరు) దానికి పల్సు పంపుతుంది, మాడ్యూల్ ఆ డ్యూటీని (పల్సు ఆన్‌లో ఉండే శాతాన్ని) రెండింతలు చేసి పంపును నడుపుతుంది. 40 శాతం పంపితే పంపుకు 80 శాతం. 75 శాతం పంపితే మాత్రం "పంపు ఆపు" అని అర్థం. తిరిగి మాడ్యూల్ పంపే జవాబు స్కానర్‌లో చూడండి. 50 శాతం అంటే అంతా బాగుంది. 25 అంటే పీసీఎం నుంచి సరైన ఆజ్ఞ అందలేదు. 75 అంటే మాడ్యూలుకూ పంపుకూ మధ్య వైర్లలో తేడా. జవాబే రాకపోతే పవర్, గ్రౌండ్ చూసి ఆ తర్వాత మాడ్యూల్ మీద అనుమానపడండి. అన్నిటికంటే ముందు, పక్క సీటు కాళ్ల దగ్గరున్న ఇనర్షియా స్విచ్ పైకి లేచి ఉందేమో ఒకసారి నొక్కండి. బూటు తగిలి లేచిన సందర్భాలూ ఉన్నాయి.

గుంటూరు_గేర్:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మన దగ్గర చిన్న పెట్రోలు కార్లలో ఈ మాడ్యూల్ ఎక్కడుంటుంది? సెల్ఫ్ తిరిగి ఇంజను అందుకోకపోతే నేనూ దీన్ని వెతకాలా?

రెంచ్‌రావు:

చాలావాటిలో ఉండదు తమ్ముడూ. వాటిలో పంపుకు కరెంటు ఇచ్చేది మామూలు రిలే. ప్రెషర్ పట్టి ఉంచేది ట్యాంకులో పంపు పక్కనే ఉన్న రెగ్యులేటరు. పంపు ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. ఫ్యూజు, రిలే, పంపు కనెక్టరు చూసుకో, అంతే.

లాన్సింగ్_శీను:

60.3 ఓమ్స్ వచ్చింది. ముందే ప్రోగ్రామ్ చేసినది, వైర్లున్న కనెక్టరు ఆర్డర్ పెట్టాను. చివరిగా ఒకటి. కొత్తది కూడా అదే ఉప్పులో అదే చోట పెడితే మళ్లీ ఇదే కదా? క్యాబ్ కిందికి మార్చేస్తే?

స్కోప్_లక్ష్మి:

చోటు మార్చకండి. పంపు వైర్లు పొడిగించాలి, షీల్డు తెగుతుంది, అతుకులు పెరుగుతాయి. దానికి బదులు క్రాస్‌మెంబరు మీది తుప్పు వైరు బ్రష్షుతో తీసి, జింక్ ప్రైమరు, దానిమీద పెయింటు వేసి ఆరనివ్వండి. మాడ్యూలుకూ స్టీలుకూ మధ్య బోల్టు చుట్టూ అర అంగుళం నైలాన్ స్పేసర్లు పెట్టండి. వెనక గాలి ఆడుతుంది, బురద పేరుకోదు. బోల్టులు ఆ అర అంగుళం పొడవు ఎక్కువున్నవి, స్టెయిన్‌లెస్‌వి తీసుకోండి. గ్రౌండు కనెక్టరులోని వైరు గుండా వెళ్తుంది కాబట్టి కేసు స్టీలుకు తగలకపోయినా నష్టం లేదు. చేతి రాచెట్‌తో బిగించండి, స్పేసరు నలిగేదాకా కాదు. ప్లాస్టిక్ సంచి, ఫోమ్ లాంటివి చుట్టకండి, ఇది వేడిని బయటికి వదలాలి.

బిగించాక స్టెప్నీ పైకి ఎక్కించేటప్పుడు టైరు కనెక్టరుకు తగలకుండా కిందినుంచి టార్చి వేసి చూడండి. స్పేసరు పెట్టిన అర అంగుళం అక్కడే తగ్గుతుంది.